ఊపిరి తియ్యమన్నావు కదా

"మా గుంట కూకునే నిద్దరోతాదమ్మా" అంది ఆ ముసలామె. పిల్లకు వేలు చీకే అలవాటుందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

నేను మత్తు డాక్టర్ని. విశాఖపట్నంలో, ఓడరేవుకు దగ్గరగా ఉన్న ఒక ఆసుపత్రిలో పనిచేస్తాను. ఆపరేషన్‌కి ముందురోజు పేషెంట్లను ఒకసారి వార్డులో చూసి రావడం నా పని. ఆ రోజు పిల్లల వార్డు చివరి మంచం దగ్గర ఆగాను. పదేళ్ల పిల్ల మంచం అంచున కూర్చుని కాళ్లు ఊపుతోంది. ఎదురుగా చూస్తే చక్కటి ముఖం, పెద్ద కళ్లు. పక్కకు తిరిగితే గడ్డం లేదు. కింది పెదవి నుంచి సరాసరి మెడలోకి జారిపోయింది ముఖం. పళ్లు గిట్టకరుచుకుని ఉన్నాయి. నోరు తెరవమన్నాను. పెదవులు విడిపోయాయి, పళ్లు విడిపోలేదు.

"ఇంతే వొత్తాది" అంది ఆ పిల్ల, పళ్ల సందుల్లోంచి.

ముసలామె ఆ పిల్లకు అమ్మమ్మ. ఆమెకు కంచరపాలెంలో రైలు గేటు దగ్గర టిఫిన్ బండి ఉంది. తల్లిది అచ్యుతాపురంలో బట్టలు కుట్టే కంపెనీలో పని. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కుతుంది. అందుకే పిల్ల అమ్మమ్మ దగ్గరే పెరిగింది. నడక నేర్చిన కొత్తలో రైలు వంతెన మెట్ల మీద నుంచి పడి గడ్డం పగిలిందట. కుట్లు వేయించారు, మానిపోయింది. రెండు చెవుల పక్కనా దవడ కీళ్లు నలిగాయని ఎవరికీ తెలియలేదు. మెల్లగా నోరు మూసుకుపోతూ వచ్చింది. ఎముక ఎముకతో అతుక్కుపోయింది. ముఖమంతా ఎదిగింది గాని, కింది దవడ మాత్రం ఆ పసితనం దగ్గరే ఆగిపోయింది.

"ఊరందరికీ ఇడ్లీలెడతానమ్మా నాను" అంది ముసలామె. "దీనికి మాత్తరం సాంబార్లో పిసికి, ఎనకాల పన్ను పీకించిన సందులోంచి వేలితో తొయ్యాలి."

"నిద్ర సంగతి చెప్పు" అన్నాను.

"ఎల్లకిలా పడుకోబెడితే గురక. గురకైతే పర్వానేదు డాట్రమ్మా. అది ఆగిపోద్ది చూడు, అప్పుడు నాకు మెలుకువొచ్చేత్తాది. బుజం మీద తడతాను. మళ్లీ మొదలెడతాది. అందుకని గోడకి నాను చేరబడి, నా మీద దీన్ని కూకోబెట్టుకుంతాను."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచేటి, ఊహ తెలిసిన కాణ్ణుంచీ అంతే."

నేను రాసుకుంటున్న పెన్ను ఆపేశాను. ఈ పిల్లకు నిద్ర అంటేనే ప్రమాదం. నా వృత్తేమో నిద్రపుచ్చడం.

మామూలు పేషెంటుకు మత్తిస్తే నాలుక వెనక్కి జారుతుంది. మేం గడ్డం కింద వేళ్లు పెట్టి దవడను పైకెత్తుతాం, దారి తెరుచుకుంటుంది. అప్పటికీ కాకపోతే నోరు తెరిచి ట్యూబు వేస్తాం. ఈ పిల్లకు దవడ కదలదు, నోరు తెరుచుకోదు, పట్టుకోవడానికి గడ్డమే లేదు. మిగిలింది ముక్కు ఒక్కటే. చివర చిన్న కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని ముక్కులోంచి పోనిచ్చి, కంటితో చూసుకుంటూ గాలిగొట్టం దాకా వెళ్లి, దాని మీదుగా ట్యూబు జార్చాలి. ఆ కాసేపూ పిల్ల తనంతట తాను ఊపిరి తీస్తూనే ఉండాలి.

అతుక్కున్న దవడను విడదీయాల్సిన సర్జన్ నాకంటే చాలా పెద్దాయన, తక్కువ మాట్లాడే మనిషి. ఆయన గదిలో కూర్చుని మాట్లాడుకున్నాం.

"పూర్తిగా నిద్రపుచ్చితే దారి మూసుకుపోతుంది" అన్నాడాయన. "మెలకువగా ఉంచితే భయపడి పెనుగులాడుతుంది. మధ్యలో ఎక్కడైనా ఉంచగలవామ్మా?"

ఉంచగలను అన్నాను. పుస్తకాల్లోనూ అలాగే ఉంది, నేను అంతకుముందు చేసిన కేసుల్లోనూ అలాగే చేశాను. అరమత్తు. పిలిస్తే పలకాలి, నొప్పి తెలియకూడదు.

మర్నాడు థియేటర్లో ఆ పిల్లను తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టాం. నరంలోకి చాలా కొద్దిగా మత్తు ఇచ్చాను. కళ్లు బరువెక్కాయి. పిలిస్తే "ఊఁ" అంది. ముక్కులో తిమ్మిరి మందు చల్లి, గొట్టం లోపలికి పోనిచ్చాను. తెర మీద గులాబీ రంగు గుహలాంటి దారి కనబడింది. రెండోసారి "ఊఁ" వినబడింది. ఆ తర్వాత తెరంతా ఎర్రగా అయిపోయింది. ముక్కులో ఎక్కడో రక్తం చిమ్మింది. గొట్టం వెనక్కి తీసేశాను. తీస్తుండగానే ఛాతీ పైకి లేస్తోంది గాని గాలి కదలడం లేదని నా అరచేతికి తెలిసింది.

గుండె కొట్టుకున్నప్పుడల్లా మానిటర్ ఒక చప్పుడు చేస్తుంది. ఒంట్లో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ చప్పుడు స్థాయి దిగుతుంది. తెర వైపు చూడక్కర్లేదు, చెవికి తెలుస్తుంది. ఆ రోజు అది దిగడం మొదలుపెట్టింది. ఎవరో ఒక్కో మెట్టూ దిగి బావిలోకి పోతున్నట్టు ఉంది.

మత్తు ఆపేశాను. మాస్కుతో ఆక్సిజన్ పెట్టాను. ఆ ముఖానికి మాస్కు అతకలేదు, అంచుల్లోంచి గాలి బుస్సుమని పోయింది. పెద్దాయన అప్పటికే, మెడకు రంధ్రం పెట్టి గాలి అందించడానికి కత్తితో సిద్ధంగా నిలబడ్డాడు. సిస్టర్ దీపం దించింది. నేను ముక్కు రెండో రంధ్రంలోంచి మెత్తటి ట్యూబు తోస్తూ, పిల్లను పక్కకు తిప్పమన్నాను. తిప్పుతున్నంతసేపూ ఆ పిల్ల చెవిలో అరుస్తూనే ఉన్నాను.

"ఊపిరి తియ్యి తల్లీ! తియ్యి! ఊపిరి తియ్యమ్మా!"

కాకి అరిచినట్టు ఒక చప్పుడు వచ్చింది ఆమె గొంతులోంచి. తర్వాత ఇంకోటి. మానిటర్ చప్పుడు మెల్లగా పైకి లేచింది. పెద్దాయన కత్తి పళ్లెంలో పెట్టేసి, "ఇవాళ్టికి చాలు" అన్నాడు. ఆయన నుదుటి చెమట కళ్లజోడు మీదకు కారింది.

పిల్ల లేచి అమ్మమ్మ కోసం ఏడ్చింది. నేను బయటికి వెళ్లి, ఇవాళ ఆపరేషన్ కుదరలేదని ముసలామెకు చెప్పాను. ఆమె నా చేతుల వైపు చూసింది.

"బతికుంది గదా?"

"ఉందమ్మా. బాగానే ఉంది. లోపలికి రా, చూద్దువుగాని."

"అయితే మరేటి నేదు" అని చెప్పులు వదిలి లోపలికొచ్చింది.

ఇలాంటివి మా పనిలో జరుగుతాయి. చెయ్యాల్సింది చేశావు, ఎవరు చేసినా ఇంతే అని పెద్దాయన అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. ఆ సాయంత్రం గాజువాక వెళ్లే బస్సెక్కి ఇంటికి పోయి, వంట చేసుకుని తిని పడుకున్నాను. నిద్ర బాగానే పట్టింది.

మర్నాడు వార్డుకు వెళ్లాను. పిల్ల ముక్కులో దూది పెట్టుకుని అమ్మమ్మ చీరకొంగు కుచ్చులు అల్లుతోంది. నన్ను చూసి నవ్వింది. ఆమె నవ్వితే కళ్లూ బుగ్గలే నవ్వుతాయి.

"నిన్న నన్ను పిలిసినావు గదా మేడం" అంది.

"నీకు గుర్తుందా?"

"ఊఁ. ఊపిరి తియ్యమన్నావు కదా. చానా సార్లు అన్నావు."

నేను మంచం కమ్మీ పట్టుకున్నాను. అరమత్తులో ఉన్న పిల్లకు ఏదీ గుర్తుండదని మేం అందరికీ చెబుతాం.

"తీద్దామనే అనుకున్నాను" అంది ఆ పిల్ల. "ఎలగ తియ్యాలో గుర్తు రానేదు."

బళ్లో, తనకు వచ్చిన పద్యమే అప్పజెప్పబోతే మధ్యలో మరిచిపోయినట్టు చెప్పింది. ఫిర్యాదు లేదు. కాస్త సందేహంగా నా ముఖంలోకి చూసి అడిగింది.

"నీకు కోపమొచ్చిందేటి? అలగ అరిసినావు."

కోపం కాదు తల్లీ అన్నాను. ఇంకేదో కూడా అన్నాను, గుర్తులేదు. వార్డు బయటికి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. రేవులో క్రేన్లు మెల్లగా తిరుగుతున్నాయి. కిటికీ అరుగు మీద ఎప్పట్లాగే రేవు నుంచి ఎగిరొచ్చే ఎర్రటి ఇనుప ఖనిజం ధూళి పేరుకుని ఉంది. దాని మీద వేలితో గీతలు గీస్తూ చాలాసేపు ఉండిపోయానని తర్వాత సిస్టర్ చెబితే తెలిసింది.

గుర్తు రానేదన్న ఆ మాట నన్ను పట్టుకుంది. అప్పటిదాకా ఊపిరి అంటే నాకు గొట్టాలు, కండరాలు, మందు మోతాదు. చీకట్లో ఎక్కడో కూర్చుని, పైనుంచి వినబడుతున్న అరుపు విని, చెప్పినట్టు చేద్దామనుకుని, ఎలా చెయ్యాలో మరిచిపోయిన పిల్ల ఎప్పుడూ నా ఊహలోకి రాలేదు. ఎంతమంది పిల్లలు అలా విన్నారో! వాళ్లలో చెప్పింది ఈ ఒక్కతే.

నా భర్తది స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. కొన్ని వారాలు పగలే పడుకుంటాడు. ఆ వారాల్లో నేను ఇంట్లో ఉంటే, చేతిలో పని వదిలేసి గుమ్మం దగ్గర నిలబడేదాన్ని. ఆయన ఊపిరి లోపలికి తీసి, బయటికి వదలడానికి కాస్త ఆలస్యం చేస్తాడు. ఎప్పుడూ అంతే. పెళ్లయిన ఇన్నేళ్లకు అది నాకు అప్పుడే వినబడింది. ఒక మధ్యాహ్నం ఆయన కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"ఏటే, అలా దెయ్యంలా నిలబడ్డావు?"

"ఏం లేదు. పడుకో."

"నువ్వలా చూస్తుంటే ఎలా పడుకోమంటావ్?"

షేర్ ఆటోలో ఎదుటి సీటు మీద కునుకు తీసే మనిషిని కూడా అలాగే చూసేదాన్ని. ఛాతీ లేచిందా, దిగిందా? నా స్టాపు దాటిపోయిన రోజులున్నాయి.

ఆ పిల్ల ముక్కు మానేదాకా ఆగాం. ఈసారి ముందుగా మెడకు చిన్న రంధ్రం పెట్టి, అందులోంచి ఊపిరి ఇద్దామని పెద్దాయన ఆలోచన. ఆ మాట వార్డులో ముసలామెకు చెబుతుంటే పిల్ల వింది.

"రంధ్రం వొద్దు" అంది నాతో. "ఆ కెమెరాతోనే సెయ్యి. కాని నన్ను నిద్దరోయించకు."

"మెలకువగా ఉంటే కష్టంగా ఉంటుంది తల్లీ. దగ్గొస్తుంది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది."

"ఉండనీ. నాను కదల్ను."

"భయం వేస్తుంది."

"మొన్న ఏసింది గదా, అంతకన్నానా?"

ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్దాయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. పెద్దవాళ్లకు మెలకువగానే చేస్తాం. ఈ వయసు పిల్లకు చెయ్యడం నాకు తెలిసినంతలో అరుదు. అయినా సరే, మెడ కోయడానికి అన్నీ సిద్ధంగా పెట్టుకుని ముందు ఈ దారి ప్రయత్నిద్దాం అనుకున్నాం.

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం నేను కెమెరా గొట్టం పట్టుకుని వార్డుకు వెళ్లేదాన్ని. మొదటి రోజు దాన్ని ఆమె చేతికే ఇచ్చాను. తన గోరు చూసుకుంది. దుప్పటి నేత చూసింది. అమ్మమ్మ చెవిలో పెట్టబోతే, "ఓలమ్మో, నా సెవిలో ఏటుంతాది, వొగ్గీవే" అని ముసలామె తల తిప్పేసుకుంది. ఆ తర్వాత ముక్కులో తిమ్మిరి మందు చుక్కలు వేసి, మెత్తటి ట్యూబు కొద్దికొద్దిగా లోపలికి పోనివ్వడం అలవాటు చేశాను. దగ్గింది, కళ్లనీళ్లు కారాయి, నా చెయ్యి మాత్రం తొయ్యలేదు. చూపుడువేలు ఎత్తితే నేను ఆపెయ్యాలని ఒప్పందం. రెండుసార్లు ఎత్తింది. రెండుసార్లూ ఆపాను. నేను నిజంగా ఆపుతానో లేదో చూడ్డానికే ఎత్తిందని నా అనుమానం.

ఆపరేషన్ రోజు ఆమెను పడుకోబెట్టలేదు. బల్ల మీద కూర్చోబెట్టాం, అమ్మమ్మ మీద చేరబడినట్టు వెనక దిండ్లు పెట్టి. మత్తు లేదు. నేను ఎదురుగా నిలబడ్డాను. నా చేతులు చల్లగా ఉన్నాయని తనే అంది.

గొట్టం లోపలికి వెళ్లింది. గులాబీ గుహ. ఈసారి ఎర్రబడలేదు. మలుపు తిరిగాక, అక్కడ, తెర మీద, రెండు తెల్లటి సన్నటి అంచులు కనబడ్డాయి. అవే గొంతు పలికే తెరలు. ఊపిరి తీసినప్పుడు విడిపోతున్నాయి, వదిలినప్పుడు దగ్గరవుతున్నాయి.

"ఊఁ అను తల్లీ."

"ఊఁ..."

తెరలు రెండూ కలిసి వణికాయి. ఆ పిల్ల గొంతు నాకు చెవికి వినబడుతోంది, కంటికి కనబడుతోంది.

"ఇప్పుడు పెద్దగా ఊపిరి తియ్యి."

ఆ రోజు అరిచిన మాటే, ఈసారి మెల్లగా అన్నాను. తీసింది. ద్వారం తెరుచుకుంది. గొట్టం దాటించాను. దాని మీదుగా ట్యూబు జార్చాను. ఆమె ఒళ్లంతా ఒక్కసారి దగ్గుతో ఎగిరింది, రెండు చేతులూ బల్ల అంచును పట్టుకున్నాయి. చూపుడువేలు లేవలేదు. "ఊఁ" అనబోయింది, పెదవులు కదిలాయి గాని గొంతు రాలేదు. ట్యూబు ఆ తెరల మధ్య ఉంటే గొంతు పలకదు. అది సరైన చోట ఉందని దానితో మాకు రూఢి అయింది. మాకది శుభవార్త. ఆ పిల్లకు మాత్రం గొంతు పోయింది. ఆ కళ్లు నన్ను చూసిన చూపు, మందు నరంలోకి వెళ్లి రెప్పలు వాలేదాకా చూసిన ఆ చూపు, ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

"నీ బదులు ఊపిరి నేను తీస్తాను. నువ్వేం గుర్తుపెట్టుకోనక్కర్లేదు" అన్నాను చెవి దగ్గర. వినబడిందో లేదో తెలియదు.

పెద్దాయన రెండు చెవుల ముందూ కోసి, అతుక్కున్న ఎముకను ఉలితో చెక్కి తీశాడు. మధ్యాహ్నం దాటిపోయింది. చివరకు ఆయన పళ్ల మధ్య బొటనవేలు పెట్టి మెల్లగా నొక్కితే, దవడ కిందికి దిగింది. నేను వంగి చూశాను. లోపల నాలుక ఉంది. ఎర్రగా, తడిగా, చిన్నగా. ఇన్ని రోజులు మాట్లాడిన పిల్లే, అయినా ఆమె నాలుకను చూడడం అదే మొదటిసారి. తాళం వేసిన గదిలో ఎవరో బతికే ఉన్నట్టు.

తర్వాతి రోజులు కష్టంగా నడిచాయి. నోరు మళ్లీ బిగుసుకుపోకుండా రోజూ పళ్ల మధ్య ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి తెరిపించాలి. థియేటర్లో ఏడవని పిల్ల పుల్లలు చూస్తే ఏడ్చేది. అమ్మమ్మ కూడా ఏడుస్తూనే పుల్లలు తోసేది. సెలవు పెట్టి వచ్చిన తల్లి మాత్రం చూడలేక వరండాలోకి పోయేది. ఒక ఉదయం ముసలామె ఇంటి నుంచి ఇడ్లీ తెచ్చింది. పిసకలేదు. సాంబారు పొయ్యలేదు. పిల్ల దాన్ని రెండు చేతులతో పట్టుకుని, నోరు తెరిచి, కొరికింది. మేమంతా చుట్టూ నిలబడి చూస్తున్నాం. నమిలింది. చాలాసేపు నమిలింది.

"ఎలగుందే?" అంది అమ్మమ్మ.

"ఇంతేనా?" అంది పిల్ల. "అందరూ దీనికేటి లైను కడతారు?"

పెద్దాయన నవ్వడం నేను అప్పుడే చూశాను.

కొన్ని నెలల తర్వాత చూపించుకోవడానికి వచ్చారు. ఓపీ ముందు జనం కిటకిటలాడుతున్నారు. నేను వరండాలో వెళ్తుంటే ముసలామె చెయ్యి ఎత్తి పిలిచింది. బెంచీ మీద ఆ పిల్ల కాళ్లు ముడుచుకుని, అమ్మమ్మ ఒడిలో తల పెట్టుకుని, వెల్లకిలా నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. గడ్డం ఇంకా చిన్నదే. దవడ పొడుగు పెంచడానికి పెద్దయ్యాక ఇంకో ఆపరేషన్ చెయ్యాలి. నేను పక్కన కూర్చున్నాను.

"బాగా నిద్రపోతోందా ఇంట్లో?"

"దానికేటి, రాయిలా పడుకుంతాది. నాకే నిద్దర నేదు డాట్రమ్మా."

"ఏం?"

"సప్పుడు నేదు కదా. ఇన్నేళ్లు గురక ఇంటా పడుకున్నాను. గురక ఆగితే నెగిసేదాన్ని. ఇప్పుడు ఎప్పుడూ ఆగే ఉంతాది." ఆమె చూపుడువేలు పిల్ల ముక్కు కింద పెట్టి, అక్కడే ఉంచి, తీసింది. "ఇలగ సూసుకుంటా కూకుంతాను. పిచ్చిదాన్నయిపోనాను అంతాది నా కూతురు."

నేనూ ఇంట్లో ఇంతేనని ఆమెకు చెప్పాలనిపించింది. చెప్పలేదు. పిల్ల ఛాతీ లేచింది, దిగింది, మళ్లీ లేచింది. ముసలామె దాన్నే చూస్తోంది. నేనూ చూస్తున్నాను. లోపలి నుంచి వీళ్ల నంబరు పిలిచారు. ఇద్దరం లేవలేదు. రెండోసారి పిలిచారు.

"లేపీనా?" అంది ముసలామె.

"ఉండనీ. ఇంకో పేషెంటును వెళ్లమంటాను."

మా మాటలకో, జనం గోలకో పిల్లకు మెలకువ వచ్చింది. కళ్లు తెరిచి, అమ్మమ్మ ముఖం ఒకసారి, నా ముఖం ఒకసారి చూసింది.

"ఏటలగ సూత్తన్నారు ఇద్దరూను?" అని, లేచి కూర్చుని, నోరు ఎంత పెద్దదిగా తెరవగలదో అంత పెద్దదిగా తెరిచి ఆవలించింది.